ఎర్రపెట్ట పొదుగుకొచ్చింది

సంక్రాంతి ముగ్గులు వాకిట్లో ఇంకా పూర్తిగా చెరిగిపోకముందే మా ఎర్రపెట్ట తిండి తగ్గించేసింది. నూకలు చల్లితే మిగతా కోళ్లన్నీ రెక్కలు కొట్టుకుంటూ వచ్చి పడ్డాయి గాని, అది రాలేదు. వెతికితే వసారా మూల పాత గంపలో ఒళ్లంతా పరిచి, పళ్లెంలా కూర్చుని ఉంది. చెయ్యి దగ్గరికి పోనివ్వగానే మెడ ఈకలు నిక్కబొడిచి గొంతులో బరువుగా గుర్రుమంది. ముందురోజు దాకా దానికి ఆ గొంతు లేదు. గుడ్డు పెట్టగానే ఊరంతా వినిపించేలా చాటుకునే పక్షి, ఇప్పుడు ఆగి ఆగి ఒక్కటే మాట, తనలో తను చెప్పుకుంటున్నట్టు: "క్లక్... క్లక్..."

"పొదుగుకొచ్చిందమ్మాయ్, కదపకు దాన్ని" అన్నారు మా అత్తగారు.

నేను టౌన్లో పెరిగినదాన్ని. గుడ్డంటే కిరాణా కొట్లో అట్టకు ముప్ఫై చొప్పున పేర్చి ఉండేదనే తెలుసు. పెళ్లయి గోదావరి మెట్టప్రాంతంలో, ఏజెన్సీ కొండలు కనిపించే ఈ ఊరికి వచ్చాక గుడ్డుకు ఇంకో ముఖం ఉందని చూశాను. పదిహేనేళ్లయింది. ఇప్పటికీ ఆ "క్లక్" వినబడితే ఒళ్లు జలదరిస్తుంది. ఒక ప్రాణి తన ఆకలినీ తిరుగుడునీ పక్కనపెట్టి మూడు వారాల మౌనానికి ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

ఆ ఒప్పుకోలు లోపలినుంచి వస్తుంది. మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. రొమ్ము కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది, ఆ చోటుకు నెత్తురు ఎక్కువగా పారుతుంది. ఎర్రపెట్ట పొట్టకింద వేళ్లు పెడితే పొయ్యి పక్కన ఆరేసిన గుడ్డలా వెచ్చగా తగిలింది. ఈకల అడ్డులేని ఆ వెచ్చదనమే గుడ్డు పెంకుకు నేరుగా ఆనుతుంది.

ఈ గుణం ఇప్పుడు అన్ని కోళ్లకూ లేదు. ఏడాది పొడుగునా గుడ్లు పెట్టాలని ఎంచి ఎంచి పెంచిన తెల్ల లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో పొదుగు దాదాపు పోయింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు కూడా సాధారణంగా పొదుగుకు రావు. గ్రామప్రియ ఏడాదికి 200 గుడ్ల దాకా ఇస్తుంది, నాటుపెట్ట అందులో మూడోవంతు ఇస్తే గొప్ప. మా పెరట్లో రెండు గ్రామప్రియలున్నాయి, మూడు నాటుపెట్టలున్నాయి, డేగ రంగు పుంజు ఒకటి ఉంది. గుడ్లు వాటివి, ఒడి ఎర్రపెట్టది. నాటుకోడికి గుడ్లు తక్కువని తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కరెంటు లేకుండా, థర్మామీటరు లేకుండా, పన్నెండు ప్రాణాలను తీసుకొచ్చే పనితనం దాని ఒంట్లో ఉంది.

ఆ రోజే గుడ్లు పెట్టనివ్వలేదు అత్తగారు. చిల్లిపడ్డ గుడ్డొకటి గంపలో ఉంచి రెండు రాత్రులు చూశారు. కొన్ని పెట్టలు ఒకపూట కూర్చుని లేచిపోతాయి. ఎర్రపెట్ట లేవలేదు.

ఈలోగా లోపలి గదిలో, గూట్లో, చల్లని ఇసుక పోసిన మట్టిమూకుడులో గుడ్లు ఎదురుచూస్తున్నాయి. ఎదురుచూస్తున్నాయని అలంకారానికి అనడం లేదు. గుడ్డు బయటికొచ్చే వేళకే అందులోని పిండం వేల కణాల ముద్దగా మారి ఉంటుంది. పెంకు తయారయ్యే దాదాపు ఒక రోజు కాలం అది తల్లి ఒంటి వేడిలోనే ఉంటుంది గనక పెరుగుదల అక్కడే మొదలవుతుంది. బయటపడి చల్లబడగానే ఆగిపోతుంది. చావు కాదు, నిద్రా కాదు, ఒక నిలుపుదల. 20, 21 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఆ ముద్ద పెరగదు. వారం పది రోజులైనా ఆగుతుంది. అందుకే పది రోజుల కిందటి గుడ్డూ, నిన్నటి గుడ్డూ ఒకేసారి పొదగేస్తే ఒకే రోజున పిల్లలవుతాయి. రోజుకొకటి చొప్పున పెట్టే తల్లికి పిల్లలన్నీ ఒకే ఈడువి కావాలి. లేకపోతే ముందు పుట్టినదాన్ని మేతకు తీసుకెళ్లాలా, వెనకవాటి మీద కూర్చోవాలా? ఆ చిక్కుముడిని ప్రకృతి ఇంత చల్లదనంతో విప్పింది.

రోహిణీ కార్తెలో పొదగేసిన గుడ్లు ఎందుకు మురిగిపోతాయో నాకు ఇది తెలిశాకే అర్థమైంది. ఆ ఎండల్లో గూట్లో ఉన్న గుడ్డుకు నిలుపుదల ఉండదు. పెరగడానికి చాలని వేడిలో సగం సగం పెరిగి, అలిసి, చచ్చిపోతుంది. మాఘం పొదుగే మంచిదని పెద్దలు పెట్టిన లెక్క సరైనదే.

గుడ్లు ఏరడంలో అత్తగారి చేతికి కళ్లుంటాయి. మరీ పెద్దది వద్దు, మరీ చిన్నది వద్దు, పెంకు గరుకుగా ఉన్నది వద్దు. ఒకదానికొకటి మెల్లగా తట్టి వింటారు. చీలిక ఉంటే మోత పగిలినట్టు వస్తుంది. కడగనివ్వరు. పెంకు మీద కంటికి కనపడని పలచని పూత ఒకటుంటుంది, కడిగితే అది పోయి సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. పెన్సిల్‌తో తేదీ రాసే పని నాది. కొసగా ఉన్నవి పుంజులవుతాయి, గుండ్రటివి పెట్టలవుతాయి అని ఆవిడ నమ్మకం. ఈ ఒక్క మాట దగ్గరే ఆవిడకూ నాకూ పేచీ. పుంజా పెట్టా అన్నది పెంకు ఆకారం చెప్పదు. కోళ్లలో దాన్ని నిర్ణయించేది తల్లి ఇచ్చే క్రోమోజోము. ఆవిడ విని నవ్వి, గుండ్రటివి నాలుగు ఎక్కువ వేస్తారు.

ఇంకో సంగతి ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. పుంజును కోసేసినా, అమ్మేసినా, ఆ తర్వాత పది రోజుల గుడ్లు పొదుగుకు పనికొస్తాయి. పెట్ట గర్భనాళంలో సన్నని గొట్టాల్లాంటి అరలున్నాయి. పుంజు బీజం వాటిలో రోజుల తరబడి ప్రాణంతో నిలవ ఉండి, గుడ్డు వెంట గుడ్డుకు కొంచెం కొంచెంగా అందుతుంది.

మూడో రాత్రి దీపం ఆర్పి గుడ్లు పెట్టాం. చీకట్లో కోడికి చూపు ఆనదు, బెదరదు. గంప అడుగున ఇసుక, పైన బూడిద, ఆపైన వరిగడ్డి, గడ్డి మధ్యలో వేపాకు. బూడిదా వేపాకూ పేల కోసం. మూడు వారాలు కదలని ఒంటిమీద పేలు పడితే తల్లి పొదుగు వదిలేస్తుంది. ఇక చివర్న అత్తగారు ఒక ఇనుప మేకు పెట్టారు, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా. ఆ మేకు వల్ల గుడ్డుకు ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. అయినా ఆవిడ ఊళ్లో లేనప్పుడు నేనే పెడతాను. ఆ చేతుల వరస నా దగ్గర తెగిపోవడం నాకిష్టం లేదు.

పన్నెండు గుడ్లు. ఒక్కొక్కటే రెక్క కిందికి తోస్తుంటే ఎర్రపెట్ట ముక్కుతో అందుకుని కడుపులోకి లాక్కుంది.

ఆ తర్వాత పైకి ఏమీ జరగదు. గంపలో ఒక కోడి, దాని కళ్లు సగం మూసి. రోజుకొక్కసారి, పొద్దెక్కాక లేచి వస్తుంది. గబగబా నాలుగు జొన్నలు, నీళ్లు, బూడిద కుప్పలో ఒక పొర్లు, దాచి ఉంచిన ఇంత పెద్ద రెట్ట. పావుగంట, ఇరవై నిమిషాలు. మళ్లీ గంపలోకి. ఆ కాసేపటికి గుడ్లు చల్లబడతాయేమోనని మొదట్లో నేను గుడ్డ కప్పేదాన్ని. అక్కర్లేదని తర్వాత తెలిసింది.

లోపల మాత్రం కొత్త ఊరు కట్టినంత పని జరుగుతుంటుంది. రెండో రోజు పూర్తికాకుండానే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, ఇంకా గుండె ఆకారం కూడా రాకముందే. మూడో రోజుకు తెల్లసొనలో నెత్తుటిచుక్కలా కనిపించి కదలాడేది అదేనని అరిస్టాటిల్ రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట రాసిపెట్టాడు. ఏడో రాత్రి మేము టార్చిలైటు మీద గుడ్డు ఆనించి చూశాం. పెంకు నారింజ రంగులో వెలిగింది. మధ్యలో నల్లని చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా పరుచుకున్న ఎర్రని నరాలు. నా ఊపిరి తగిలిందో ఏమో, ఆ చుక్క ఒక్కసారి ఊగింది. రెండు గుడ్లు మాత్రం దీపంలా ఖాళీగా వెలిగాయి. వాటిని తీసేశాం. అలా వదిలేస్తే మురిగి, గంపలోనే పగిలి మిగతావాటినీ చెడగొడతాయి.

పెంకు గోడ అనుకుంటాం. అది వేల సన్నని రంధ్రాలున్న జల్లెడ. 60 గ్రాముల గుడ్డు ఆ 21 రోజుల్లో దాదాపు 6 లీటర్ల ఆక్సిజన్ లోపలికి తీసుకుని, నాలుగున్నర లీటర్ల బొగ్గుపులుసు వాయువునూ 11 లీటర్ల నీటి ఆవిరినీ బయటికి వదులుతుంది. అరచేతిలో ఇమిడే వస్తువు అన్ని బిందెల గాలి పీల్చిందంటే మొదటిసారి నేను నమ్మలేదు. ఊపిరితిత్తులు పని మొదలెట్టకముందే పెంకు లోపలివైపు పరుచుకున్న రక్తనాళాల వల ఆ పని చేస్తుంది. నీరు ఆవిరైన మేరకు గుడ్డు లావువైపు గాలి గది పెద్దదవుతుంది. ఆ గదితో చివర్లో పని ఉంది. ఎముకలకు కావలసిన సున్నం కూడా పిల్ల ఆ పెంకులోంచే తీసుకుంటుంది. తనను కాపాడే గోడను కరిగించి తన ఒంటిని నిలబెట్టుకుంటుంది, ఆ కరగడంలోనే గోడ పగలడానికి అనువుగా పలచబడుతుంది.

ఎర్రపెట్ట గంటకోసారైనా ముక్కు కిందికి దించి గుడ్లను దొర్లించేది. అంచున ఉన్నది మధ్యకు, మధ్యలోది అంచుకు. దొర్లించకపోతే పిండం పొరకు అతుక్కుపోతుంది. మిషన్‌లో పొదిగించేవాళ్లు 37.5 డిగ్రీల వేడి పెట్టుకుని, రోజుకు ఇన్నిసార్లని లెక్కపెట్టి తిప్పి, 18వ రోజున ఆపేస్తారు. అప్పటినుంచి తేమ పెంచుతారు, లేకపోతే పొర ఎండి పిల్లకు చుట్టుకుంటుంది. ఈ లెక్కలన్నీ కోడి కడుపు కింద ఉన్నదాన్ని చూసి మనిషి రాసుకున్నవే.

పంతొమ్మిదో రోజు రాత్రి గంప పక్కన చాప వేసుకుని పడుకున్నాను. ఏటా నేను ఎదురుచూసేది ఆ రాత్రి కోసమే. పిల్ల లోపలి పొరను ముక్కుతో పొడిచి గాలి గదిలోకి తల పెడుతుంది, మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. గాలి అందగానే గొంతు వస్తుంది. పెంకు ఇంకా పగల్లేదు, ఒక్క బీట కూడా లేదు. ఆ గుండ్రని మూసివున్న వస్తువులోంచి "చిప్... చిప్..." మని వినపడింది. ఎర్రపెట్ట తల వంచి, అంతదాకా వినిపించని మెత్తని గొంతుతో బదులు పలికింది. లోపలి గొంతు కుదుటపడింది. కాసేపటికి ఇంకో గుడ్డు గట్టిగా కీచుమంటే తల్లి కదిలి సర్దుకు కూర్చుంది, అదీ ఊరుకుంది. ముఖం చూడకముందే తల్లీపిల్లలు మాట్లాడుకున్నారు. పిల్ల బయటికొచ్చి తల్లి వెంట పడుతుందంటే, ఆ గొంతు దానికి అప్పటికే తెలుసు. కౌజుపిట్టల గుడ్లయితే ఒకదానికొకటి టిక్కుటిక్కుమని చప్పుడు చేసుకుని, వెనకబడ్డవి వేగం పెంచుకుని, అన్నీ దాదాపు ఒకేసారి పగులుతాయి.

ఇరవయ్యో రోజు సాయంత్రం మొదటి బీట. పిల్ల ముక్కు కొసన తెల్లని గట్టి పలుకొకటి ఉంటుంది, ఈ ఒక్క పనికోసమే మొలిచి తర్వాత కొద్ది రోజుల్లో ఊడిపోతుంది. దాంతో పెంకుకు ఒక కన్నం చేసి ఆగిపోతుంది. గంటలు గడుస్తాయి, ఒక రాత్రంతా కూడా. చూసేవాళ్ల గుండె పీచుపీచుమంటుంది.

నేను ఈ ఇంటికొచ్చిన మొదటి ఏడు, అలా ఆగిన పిల్ల చచ్చిపోతోందనుకున్నాను. అత్తగారు నిద్రలో ఉన్నారు. గోటితో పెంకు కొంచెం కొంచెంగా ఒలిచాను. పొరలోంచి నెత్తురు వచ్చింది. చేతిలోనే ఆగిపోయింది ఆ పిల్ల. అది ఆయాసంతో ఆగలేదని, పొరలో మిగిలిన నెత్తుటిని తన ఒంట్లోకి లాక్కుంటోందని, మిగిలిన పచ్చసొనను పొట్టలోకి చేర్చుకుంటోందని నాకప్పుడు తెలియదు. పొద్దున అత్తగారు ఏమీ అనలేదు. పెరట్లో జామచెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చి, నా చేతులు తనే కడిగారు. "ఇంకోసారి చేతులు వెనక్కి కట్టుకో అమ్మాయ్" అని మాత్రం అన్నారు.

ఆ పచ్చసొన సంగతి చెప్పాలి. పొట్టలోకి చేరిన ఆ సద్దిమూటతో పిల్ల రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకపోయినా బతుకుతుంది. ముందు పుట్టినవాటిని ఆకలితో మాడ్చకుండా వెనకవాటికోసం తల్లి గంపలో కూర్చోగలగడానికి ఆ మూటే ఆధారం. హేచరీల నుంచి ఒకరోజు పిల్లలు అట్టపెట్టెల్లో బస్సెక్కి ఊళ్లు దాటి వస్తున్నాయన్నా దాని చలవే.

ఇరవయ్యొకటో రోజు మధ్యాహ్నానికి తొమ్మిది పిల్లలు. పదో గుడ్డు మౌనంగానే ఉండిపోయింది. ఆ తొమ్మిదీ తడిసిన దారప్పోగుల్లా బయటపడి, తల్లి ఈకల్లో దూరి, గంటకల్లా పత్తికాయలు విచ్చినట్టు తేలాయి.

ఇక్కడినుంచి మన చేతులకు పని. పొదిగేటప్పుడు ఎంత దూరంగా ఉండాలో, పెంచేటప్పుడు అంత దగ్గరగా ఉండాలి. నాటుపిల్లల్లో సగానికి సగం మొదటి నెలలోనే పోగొట్టుకునే ఇళ్లు చూశాను. మొదటి వారం తల్లినీ పిల్లల్నీ గంప కిందే ఉంచుతాం. నీళ్లు లోతుగిన్నెలో పెట్టం, మూకుడులో గులకరాళ్లు వేసి పోస్తాం, మునగకుండా. నూకలు, చిదిపిన ఉడుకుగుడ్డు. రెండో వారం నుంచి చెదలు. పాత కుండలో పేడ, గడ్డి, గోనెముక్క కూరి, తడిపి, సాయంత్రం పుట్ట దగ్గర బోర్లించి వస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు. దులిపితే పిల్లలు ఆ విందుకు పడి దొర్లుతాయి. ఎదిగే ఒంటికి అంతకంటే మాంసకృత్తులేం కావాలి! తల్లి తనకు దొరికిన పెద్ద చెదను ముక్కుతో ఎత్తి, కింద పడేసి, "టుక్ టుక్ టుక్" అని పిలిచి, తను తినకుండా నిలబడుతుంది. తల్లి లేని పిల్లలకైతే బల్బు వేలాడదీయాలి, మొదటి వారం 35 డిగ్రీలు, వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ. థర్మామీటరు చూడక్కర్లేదు, పిల్లల్ని చూస్తే చాలు. బల్బు కింద గుంపుకడితే చలి, దూరం జరిగి నోళ్లు తెరిస్తే వేడి, హాయిగా చెదిరి తిరుగుతుంటే సరిపోయినట్టు.

అత్తగారికి జరిగిన పెద్ద నష్టం గద్ద వల్ల కాదు, ముంగిస వల్లా కాదు. నేను రాకముందు ఒక వేసవిలో కొక్కెర తెగులు వచ్చి, నాలుగు రోజుల్లో నలభై కోళ్లు పోయాయట. నోరు తెరిచి ఊపిరికి కొట్టుకోవడం, పచ్చని రెట్ట, మెడ మెలిపడిపోవడం. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించడంతో మన దేశంలో దానికి రాణిఖేత్ జబ్బనే పేరు పడింది. మందు లేదు, టీకా ఉంది. అయిదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లో ఒక చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది. సీసాలో వంద మోతాదులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. తొమ్మిది పిల్లల ఇంటికి వంద మోతాదులెందుకు? అందుకని మా వీధిలో ఆడవాళ్లం ఒకే పూట కూడతాం. ఐసుముక్కల డబ్బా మధ్యలో పెట్టుకుని, ఒళ్లో పిల్లల్ని పట్టుకుని, తెల్లవారుజామున. ఆ పూట ఏ ఇల్లూ మానకూడదు, మానిన ఇంటినుంచి తెగులు మిగతా పెరళ్లన్నిటికీ పాకుతుంది.

నెలరోజులకు పిల్లలు తల్లి వెంట పెంటకుప్ప దాకా వెళ్లడం మొదలెట్టాయి. మొన్న గద్ద నీడ పడింది. ఎర్రపెట్ట తల పక్కకు వంచి ఒంటికంటితో ఆకాశం చూసి, సన్నగా, సాగదీసి ఒక కూత పెట్టింది. పిల్లలు ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోయాయి. అదే పిల్లి కనిపిస్తే కూత వేరు, తెంపు తెంపుగా కొక్కొక్‌మని, అప్పుడు పిల్లలు పరిగెత్తాలి. పైనుంచి వచ్చే చావుకు ఒక మాట, నేలమీద వచ్చే చావుకు ఇంకో మాట.

ఆ తొమ్మిదింటిలో ఆరింటి కాళ్లు పసుపు రంగు. అందులోనూ ఒక కథ ఉంది. ఇంటికోడికి ప్రధాన పూర్వీకురాలు ఎర్ర అడవికోడి. మా కొండల్లో ఉంది, చలికాలం పొద్దున్నే దాని కూత వినపడితే మా డేగ పుంజు జవాబిస్తుంది. అడవికోడి కూత మన పుంజు కూత కంటే పొట్టి, కొసన తెగిపోయినట్టుంటుంది. కానీ దాని కాళ్లు పసుపు కావు. 2008లో జన్యువులు పరిశీలించినవాళ్లు, పసుపు చర్మం వచ్చింది బూడిదరంగు అడవికోడి నుంచని తేల్చారు. అది దక్షిణ భారతానిది, నల్లమలలో, శేషాచలంలో తిరిగేది. ప్రపంచంలో ఎక్కడో పసుపుకాళ్ల కోడి మేస్తోందంటే, దాని ఒంట్లో మన అడవుల పక్షి ఒక పాయగా ఉంది.

పిల్లలకు ఏడో వారం దాటింది. ఎర్రపెట్ట తలమీద జుట్టు మళ్లీ ఎర్రబడుతోంది. దగ్గరికొచ్చిన పిల్లను నిన్న ముక్కుతో మెల్లగా పొడిచి తోసింది. ఈ సాయంత్రం దీపాల వేళకు గూటివైపు రాకుండా జామచెట్టు కిందికి నడిచి, ఒకసారి పైకి చూసి, రెక్కలు విప్పి కొమ్మ మీదికి ఎగిరింది. పిల్లలు గూటి ముందు నిలబడి కీచుకీచుమని పిలిచాయి. తల్లి పలకలేదు. ఒక్కొక్కటే చెట్టు మొదట్లోకి చేరాయి. పసుపుకాళ్లదొకటి ఎగరబోయి పడింది. ఎత్తి కొమ్మ మీద పెడదామని లేచాను.

అత్తగారు నా కొంగు పట్టుకున్నారు.

పిల్ల మళ్లీ రెక్కలు సర్దుకుంది, కొమ్మ వైపు చూసింది, వంగింది.